రోజూ చేతికి ఏది: స్మార్ట్‌వాచా, ముళ్ల వాచీయా?

రెండు వేల రూపాయల్లో వాచీ కావాలని ఇవాళ ఏ షాపుకు వెళ్లినా ముందు చేతికి తొడిగేది స్మార్ట్‌వాచ్‌నే. రెండంగుళాల తెర, చేతి మీదే ఫోన్ మాట్లాడే వీలు, గుండె వేగం, ఆక్సిజన్, బీపీ, నిద్ర లెక్క, వందకు పైగా ఆటల మోడ్‌లు. అదే ధరకు పక్క అరలో ఉన్న క్యాసియో, సొనాటా వాచీలు టైమూ తేదీ తప్ప ఇంకేమీ చూపించవు కాబట్టి వెలవెలబోతాయి. ఏడాది తిరిగాక చూస్తే చాలా ఇళ్లలో మొదటిది ఛార్జర్‌తో సహా సొరుగులో ఉంటుంది, రెండోది చేతికి ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఐదు వేల లోపు పెట్టేవాళ్లు సెల్లుతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ కొనుక్కోవడం మేలు. స్మార్ట్‌వాచ్‌తో నిజంగా పని ఉన్నవాళ్లు (ఆ పనులేమిటో కింద రాశాను) కాస్త ఆగి, డబ్బు పోగేసుకుని, మంచిదే కొనాలి. మధ్యలో రెండు మూడు వేలకు దొరికే స్మార్ట్‌వాచ్ అటు వాచీ పనీ సరిగ్గా చెయ్యదు, ఇటు ఆరోగ్యం పనీ సరిగ్గా చెయ్యదు.

టైము చూడటం దగ్గరే తేడా

వాచీ మొదటి పని టైము చూపించడం. చాలా స్మార్ట్‌వాచ్‌లు ఇక్కడే తడబడతాయి. బ్యాటరీ ఆదా కోసం తెర ఆరిపోయి ఉంటుంది. మణికట్టు పైకెత్తి తిప్పితే లోపలున్న యాక్సిలరోమీటర్ (కదలికను పసిగట్టే చిప్పు) కనిపెట్టి తెరను వెలిగిస్తుంది. బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు తిరగదు, తెరా వెలగదు. బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడినా అంతే, రెండు చేతుల్లో సంచులున్నా అంతే. ముళ్ల వాచీకైతే కన్ను అటు తిప్పితే చాలు. అమోలెడ్ తెర (ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే రకం) ఉన్నవాటిలో 'ఆల్వేస్ ఆన్' పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది గానీ, బ్యాటరీ వచ్చే రోజులు దాదాపు సగానికి పడిపోతాయి. పెట్టె మీద రాసిన 'ఏడు రోజులు', 'పది రోజులు' అన్నీ ఆల్వేస్ ఆన్ ఆపేసి, కాల్స్ మాట్లాడకుండా, నోటిఫికేషన్లు తక్కువగా వచ్చే లెక్కలో చెప్పినవే.

ఎండలో ఇంకో చిక్కు. చౌక వాచీల ఎల్‌సీడీ తెర వెలుగు 500 నిట్స్ (తెర వెలుగును కొలిచే లెక్క) చుట్టూ ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రోడ్డు మీద అది నల్లటి పలకలా కనిపిస్తుంది, చెయ్యి అడ్డం పెట్టి చూడాలి. యాపిల్, సామ్‌సంగ్ వాచీల్లో 1000 నిట్స్, కొన్నిటిలో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. గార్మిన్ కంపెనీ క్రీడల వాచీలు ఇన్‌స్టింక్ట్ 2, ఫోర్‌రన్నర్ 255 లాంటివాటిలో ఉండే తెర వేరే రకం. అది బయటి వెలుగును తిప్పికొట్టి కనిపిస్తుంది, ఎండ ఎంత ఎక్కువైతే అంత స్పష్టం. తెర ఎప్పుడూ ఆన్‌లోనే ఉండి రెండు వారాలు నడవడానికి కారణం కూడా అదే. ఇంటి దీపాల కింద మాత్రం ఆ తెర నిస్తేజంగా ఉంటుంది.

చీకట్లో స్మార్ట్‌వాచ్‌దే పైచేయి. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ లైటు నొక్కితే ఒక మూల పచ్చగా వెలుగుతుంది, అంకెలు సగం ఊహించుకోవాలి. ముళ్ల మీద పూసిన మెరుపు రంగు మంచి కంపెనీవైతే తెల్లవారుజామున కూడా కనిపిస్తుంది, చౌకవైతే అరగంటలో మాయం.

రెండు వేల స్మార్ట్‌వాచ్‌లో ఏముంటుంది, ఏముండదు

ముందు కాల్స్ సంగతి. 'బ్లూటూత్ కాలింగ్' ఉన్న వాచీ ఫోన్‌కు రెండు దారుల్లో కలుస్తుంది. నోటిఫికేషన్లు, నడక లెక్కల కోసం యాప్ ద్వారా ఒకటి, మాటల కోసం ఇయర్‌ఫోన్‌లాగా ఇంకొకటి. ఈ రెండోది కలిపాక యూట్యూబ్ పెట్టినా, వాట్సాప్ వాయిస్ విన్నా శబ్దం చేతి మీద నుంచి రావడం మొదలవుతుంది. ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగులకు వెళ్లి, ఆ వాచీ పేరు పక్కనున్న గుర్తు నొక్కి, 'మీడియా ఆడియో' ఆపేసి 'ఫోన్ కాల్స్' మాత్రం ఉంచితే సరిపోతుంది. అది చేసినా, అంత చిన్న స్పీకరు ఇంట్లో పనికొస్తుంది గానీ ట్రాఫిక్‌లో పనికిరాదు. పైగా మీ అవతలి మనిషి మాట చుట్టూ ఉన్న అందరికీ వినబడుతుంది.

నోటిఫికేషన్లు రావడం లేదన్నది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. చాలాసార్లు తప్పు వాచీది కాదు, ఫోన్‌ది. షావోమీ, రియల్‌మీ, ఒప్పో, వివో ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. వాచీ యాప్‌కు 'ఆటోస్టార్ట్' అనుమతి ఇవ్వాలి. దాని బ్యాటరీ సెట్టింగులో 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టాలి. రీసెంట్ యాప్స్ తెరలో దాన్ని తాళం గుర్తుతో లాక్ చెయ్యాలి. నోటిఫికేషన్ యాక్సెస్ ఇచ్చారో లేదో మళ్లీ చూసుకోవాలి. ఈ నాలుగూ చేశాక కూడా రాకపోతే అప్పుడు వాచీని అనుమానించండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఈ అనుమతులు ఎగిరిపోయే అవకాశం ఉంది.

తెలుగులో మెసేజ్‌లు పంపుకునేవాళ్లు కొనేముందే చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్, హిందీ చక్కగా చూపించే చౌక వాచీలు కొన్ని తెలుగు రాగానే ఖాళీ గళ్లు చూపిస్తాయి. ఇంకొన్ని అక్షరాలు చూపిస్తాయి గానీ గుణింతాలు, ఒత్తులు విడిపోయి చదవలేకుండా ఉంటాయి. షాపులో ఉండగానే మీ ఫోన్‌కు జత చేయించి, ఇంకో ఫోన్ నుంచి 'శ్రీకాకుళం స్త్రీలు', 'జ్యోత్స్న' అని వాట్సాప్ చేయించుకోండి. ఆ మూడు మాటలు సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. యాపిల్ వాచ్‌లోనూ, వేర్ ఓఎస్ (గూగుల్ వాచీ సాఫ్ట్‌వేర్) మీద నడిచే సామ్‌సంగ్, గూగుల్ వాచీల్లోనూ ఈ సమస్య లేదు.

'జీపీఎస్' అని రాసి ఉంటే అది వాచీలో ఉందా, 'కనెక్టెడ్ జీపీఎస్' పేరుతో ఫోన్‌ది వాడుకుంటోందా అడగండి. రెండోదైతే పరుగుకు ఫోన్ కూడా మోసుకెళ్లాలి, అప్పుడు వాచీ ఎందుకు? అడుగుల లెక్కనూ గుడ్డిగా నమ్మకండి. గుంతల రోడ్డు మీద బండి నడిపితే కుదుపులు కూడా అడుగులైపోతాయి. సూపర్‌మార్కెట్‌లో బండి తోస్తూ నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి నిజం అడుగులు పడవు.

ఆరోగ్యం అంకెలు

వాచీ వెనక పచ్చగా మెరిసే దీపాలు చర్మం కిందున్న రక్తం మీద వెలుగు వేసి, ఎంత తిరిగొచ్చిందో చూసి గుండె వేగం లెక్కకడతాయి. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ లెక్క బాగానే ఉంటుంది. చెయ్యి వేగంగా ఊగేటప్పుడు తప్పుతుంది. పరిగెత్తేటప్పుడు కొన్ని వాచీలు గుండె దెబ్బలు వదిలేసి అడుగుల తాళాన్ని పట్టుకుంటాయి, నెమ్మదిగా జాగింగ్ చేస్తున్నా 165 చూపిస్తాయి. బెల్టు వదులుగా ఉన్నా, ఆ చోట పచ్చబొట్టు ఉన్నా, చలికి చెయ్యి చల్లబడినా ఇలాగే అవుతుంది. మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జారకుండా, అచ్చు పడనంత బిగువుగా పెట్టుకుంటే చాలా తప్పులు పోతాయి. పరుగు లెక్క కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టే పట్టీకి సాటి లేదు.

చౌక వాచీని పరీక్షించడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. దాన్ని నీళ్ల సీసాకో, చుట్టిన తువ్వాలుకో కట్టి ఆక్సిజన్, బీపీ నొక్కండి. సీసాకు కూడా 98 శాతం ఆక్సిజన్, 120/80 బీపీ చూపిస్తే, మీ చేతి మీద చూపించే అంకెకు ఎంత విలువ ఇవ్వాలో తేలిపోతుంది.

బీపీ విషయం ఇంకొంచెం చెప్పాలి. ఏ కొలతా తీసుకోకుండా నేరుగా బీపీ చెప్పే చౌక వాచీని నమ్మి మాత్ర మానెయ్యడం, వేసుకోవడం రెండూ ప్రమాదమే. సామ్‌సంగ్ వాచీలో బీపీ చూడాలన్నా ముందు చేతికి చుట్టే మామూలు బీపీ యంత్రంతో మూడుసార్లు కొలిచి ఆ అంకెలు వాచీకి ఇవ్వాలి. నాలుగు వారాలకోసారి మళ్లీ అదే పని చెయ్యాలి. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లకు రెండు వేలు ఖర్చు పెట్టాలనుకుంటే, భుజానికి చుట్టే డిజిటల్ బీపీ యంత్రం కొనివ్వండి. వాచీ కంటే అది వెయ్యి రెట్లు నయం.

సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీల జోలికి అసలు పోవద్దు. అలాంటి వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదనీ, వాడొద్దనీ అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

మరి నిజంగా పనికొచ్చేవి? ఈసీజీ ఉన్న వాచీలు గుండె లయ తప్పడాన్ని (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) పట్టుకోగలవు. గుండెపోటును పట్టుకోలేవు, ఛాతీ నొప్పి వస్తే వాచీ 'అంతా బాగుంది' అన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. యాపిల్ వాచ్ ఎస్‌ఈలో ఈసీజీ లేదు. సామ్‌సంగ్ వాచీలో ఈసీజీ, బీపీ రెండూ పనిచేయాలంటే ఫోన్ కూడా సామ్‌సంగ్‌దే అయ్యుండాలని కంపెనీ నియమం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పడిపోతే గుర్తించే సదుపాయం అన్నిటికంటే విలువైనది. యాపిల్ వాచ్‌లో వయసు 55 దాటినవాళ్లకు అది దానంతటదే ఆన్ అవుతుంది. గట్టిగా పడి కదలకుండా ఉంటే అత్యవసర నంబరుకు తానే ఫోన్ చేస్తుంది. కాకపోతే ఐఫోన్ దగ్గర్లో ఉండాలి, లేదా వాచీ సెల్యులార్ మోడల్ (ఫోన్ లేకుండా తానే నెట్‌వర్క్‌కు కలిసేది) అయ్యుండాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నలకు వాచీ పంపేవాళ్లు ముందు వాళ్ల ఫోన్ ఏదో చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌తో యాపిల్ వాచ్ పనిచెయ్యదు. 2021 తర్వాతి సామ్‌సంగ్ వాచీలు ఐఫోన్‌తో పనిచెయ్యవు.

నిద్ర లెక్కలో మొత్తం గంటలు దాదాపు సరిగ్గానే ఉంటాయి. 'గాఢనిద్ర 1 గంట 12 నిమిషాలు' లాంటివి కదలికలూ గుండె వేగమూ చూసి వేసిన అంచనాలు. వాటి గురించి బెంగపడి నిద్ర పాడుచేసుకోకండి.

ఛార్జింగ్, ఎండ, ఆయుష్షు

యాపిల్ వాచ్ మోడళ్లలో చాలావాటికి కంపెనీ చెప్పే లెక్క 18 గంటలు. అంటే రోజూ ఛార్జింగే. లిథియం బ్యాటరీ రకాన్ని బట్టి సుమారు 500 నుంచి 1000 పూర్తి ఛార్జింగుల తర్వాత అసలు సామర్థ్యంలో 80 శాతానికి దిగుతుంది. రోజుకోసారి ఛార్జ్ చేసే వాచీ రెండు మూడేళ్లకే ఆ స్థితికి చేరువవుతుంది. వారానికోసారి చేసేది ఇంకా చాలా ఏళ్లు లాగుతుంది. యాపిల్‌కు బ్యాటరీ మార్పిస్తారు, ఖర్చవుతుంది. చౌక వాచీల్లో అద్దాన్ని జిగురుతో అంటించి ఉంచుతారు, విప్పితే మళ్లీ నీళ్లకు ఆగదు, విడి బ్యాటరీ దొరకదు. అవి ఒకసారి వాడి పారేసే వస్తువులే అనుకోవాలి.

మన ఎండలు బ్యాటరీకి శత్రువులు. యాపిల్ వాచ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే చెబుతుంది. మేలో రామగుండంలోనో విజయవాడలోనో నీడలోనే అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. చేతికి ఉన్నంతసేపు ఒంటి వేడి దాన్ని కాస్త నిలకడగా ఉంచుతుంది. కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే, కిటికీ పక్కన ఎండ పడేచోట ఛార్జింగ్ పెడితే బ్యాటరీ ఉబ్బి అద్దం లేస్తుంది. అలా లేచిన వాచీని ఛార్జ్ చెయ్యకండి, నొక్కి మళ్లీ అతికించే ప్రయత్నం కూడా వద్దు.

రెండు పిన్నుల అయస్కాంత ఛార్జర్ ఉన్నవాటికి ఇంకో జబ్బు. చెమట ఉప్పు ఆ పిన్నుల మీద ఎండి పచ్చగా తుప్పు పడుతుంది, తర్వాత ఛార్జింగ్ ఎక్కదు. ఛార్జింగ్ పెట్టేముందు వాచీ వెనక పొడిగుడ్డతో తుడవాలి, వారానికోసారి మెత్తటి పళ్ల బ్రష్‌తో పిన్నులు రుద్దాలి. ఇప్పటికే పచ్చబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడవండి. ఫోన్‌తో వచ్చిన 67 వాట్ల ఛార్జర్‌కు పెట్టకుండా పాత 5 వోల్టుల, 1 ఆంపియర్ అడాప్టరు వాడటం మంచిది.

బ్యాటరీ బాగున్నా సాఫ్ట్‌వేర్ చావచ్చు. పెబుల్ అనే మంచి వాచీ కంపెనీ 2016 చివర మూతపడింది, 2018లో దాని సర్వర్లూ ఆగిపోయాయి. వాడేవాళ్లే పూనుకుని వేరే సర్వరు నడిపారు కాబట్టి ఆ వాచీలు కొన్నాళ్లు బతికాయి. పేరు వినని కంపెనీ రెండు వేల వాచీకి అంత అదృష్టం ఉండదు. ప్లేస్టోర్‌లో యాప్ మాయమైతే టైము సరిచేసుకోవడం కూడా కష్టమే.

క్వార్ట్జ్: తక్కువ చెప్పుకునే మంచి సరుకు

క్వార్ట్జ్ వాచీ లోపల చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క దెబ్బ వస్తుంది, ఆ దెబ్బకు సెకన్ల ముల్లు కదులుతుంది. నెలకు 15 నుంచి 20 సెకన్ల తేడా మామూలు. స్ఫటికాన్ని 25 డిగ్రీల చుట్టూ సరిగ్గా నడిచేలా కోస్తారు కాబట్టి మరీ వేడిలో కొంచెం వెనకబడుతుంది. 40 డిగ్రీల గదిలో వదిలేసిన వాచీ రోజుకు అర సెకను పైచిలుకు పోగొట్టుకుంటుంది. చేతికి పెట్టుకుంటే ఆ తేడా తగ్గుతుంది.

కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవండి. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే మూత మాత్రమే స్టీలు, చుట్టూ ఉన్న కేసు ఇత్తడికో మిశ్రమ లోహానికో పూత వేసింది. మన చెమటకు ఏడాది రెండేళ్లలో బెల్టు పిన్నుల దగ్గర పూత లేచి చెయ్యి పచ్చబడుతుంది, కొందరికి దురద కూడా వస్తుంది. కేసుతో సహా స్టీలైతే 'ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్' అనో వట్టి 'స్టెయిన్‌లెస్ స్టీల్' అనో ఉంటుంది. ఐదారు వందలు ఎక్కువైనా ఇదే తీసుకోండి. వాచీ ఎన్నేళ్లు మంచిగా ఉంటుందో చెప్పే గుర్తుల్లో ఇది మొదటిది.

నీళ్ల రేటింగు రెండోది. '30 మీటర్లు' లేదా 3 ఏటీఎం (నీటి ఒత్తిడి కొలత) అంటే చేతులు కడిగేటప్పుడు పడే చినుకులకు మాత్రమే సరిపోతుంది, 30 మీటర్ల లోతు ఈతకు కాదు. 5 ఏటీఎంతో మామూలు ఈత కొట్టొచ్చు. 10 ఏటీఎం ఉంటే వానాకాలంలో మరచిపోయి తిరగొచ్చు. స్మార్ట్‌వాచ్ మీద 'ఐపీ68' అని ఉంటే అది నిశ్చలమైన మంచినీళ్లలో చేసిన పరీక్ష, ఈతకు హామీ కాదు. స్మార్ట్‌వాచ్‌లోనూ 5 ఏటీఎం కోసమే చూడండి. ఏ వాచీ అయినా వేడినీళ్ల స్నానానికీ సబ్బుకూ దూరంగా ఉంచాలి. వేడికి రబ్బరు రింగు వ్యాకోచించి సబ్బునీళ్లు లోపలికి పాకుతాయి. నీళ్లలో బటన్లు నొక్కొద్దు. విశాఖ బీచ్‌లో ఉప్పునీళ్లు తగిలితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి. అద్దం లోపల ఆవిరి కమ్మితే ఎండలో పెట్టడం, బియ్యంలో పూడ్చడం వదిలేసి అదే రోజు కొట్టుకు తీసుకెళ్లి మూత విప్పించండి. రెండు రోజులు ఆగితే ముళ్ల ఇరుసులకు తుప్పు పడుతుంది.

సెల్లు మార్పించడంలోనే చాలా మంచి వాచీలు పాడవుతాయి. చాలా ముళ్ల వాచీల్లో వాడేది ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ, 377 అని కూడా రాసి ఉంటుంది. 6.8 మిల్లీమీటర్ల వెడల్పు, 2.6 మిల్లీమీటర్ల మందం, 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లు. అదే కొలతలో ఏజీ4 లేదా ఎల్‌ఆర్626 పేరుతో ఆల్కలైన్ సెల్లు దొరుకుతుంది, పది రూపాయలకే. అది వేసినా వాచీ నడుస్తుంది. వోల్టేజీ మెల్లమెల్లగా పడిపోతుంది, కొన్ని నెలలకే ఆగుతుంది, ఆగాక లోపలే కారి మిషన్‌ను తినేస్తుంది. కొట్టువాణ్ని సెల్లు పెట్టేముందు చూపించమని అడగండి, 'ఎస్‌ఆర్' అని ఉండాలి. సెల్లును ఇనుప పట్టకారుతో రెండు వైపులా పట్టుకుంటే షార్ట్ అవుతుంది, ప్లాస్టిక్ చిమటా వాడాలి. రబ్బరు రింగు పగిలి ఉంటే మార్చాలి, బాగుంటే పలచగా సిలికాన్ గ్రీజు రాయాలి. నొక్కితే మూసుకునే మూతను బొటనవేళ్లతో కాకుండా ప్రెస్‌తో, సరైన అచ్చు పెట్టి మూయాలి, లేకపోతే అద్దం పగులుతుంది. సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతూ నడుస్తుంటే మిషన్ పాడైనట్టు కాదు, సెల్లు అయిపోవస్తోందని అది చెప్పే పద్ధతి. ఆగిపోయిన వాచీని సెల్లుతో సహా ఏళ్లకేళ్లు బీరువాలో ఉంచొద్దు.

మోడళ్ల మాటకొస్తే, 1989 నుంచి అమ్ముతున్న ఎఫ్-91డబ్ల్యూ ఇప్పటికీ డబ్బుకు తగ్గ వాచీ. 21 గ్రాములు, సీఆర్2016 సెల్లు సుమారు ఏడేళ్లు, నెలకు 30 సెకన్ల లోపు తేడా. లోపాలు: లైటు, చిన్న మణికట్టుకే సరిపోయే బెల్టు, ఈతకు పనికిరాకపోవడం. మొరటు పనులు చేసేవాళ్లకు క్యాసియో జీషాక్ డీడబ్ల్యూ-5600, 200 మీటర్ల రేటింగు. చొక్కా కఫ్ కింద ఇమిడిపోవాలంటే 2002లో హోసూరు నుంచి వచ్చిన టైటాన్ ఎడ్జ్ చూడండి. మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, అందులో మిషన్ 1.15 మాత్రమే. స్మార్ట్‌వాచ్‌లు 10 నుంచి 14 మిల్లీమీటర్లుంటాయి. సెల్లు మార్పించే తలనొప్పే వద్దంటే వెలుగుతో నడిచేవి: సిటిజన్ ఎకో-డ్రైవ్, క్యాసియో టఫ్ సోలార్. ఇవి కొన్నవాళ్లు చేసే తప్పు పొడుగు చేతుల చొక్కా కింద నెలల తరబడి కప్పేయడం, లేదా పెట్టెలో దాచడం. వారానికోసారి కిటికీ దగ్గర కొన్ని గంటలు ఉంచితే చాలు. కారు అద్దం కింద ఎండబెట్టడం మాత్రం వద్దు. రేడియో సంకేతాలతో టైము సరిచేసుకునే మోడళ్లకు మన దేశంలో ఆ స్టేషన్ లేదు, దాని కోసం అదనంగా పెట్టకండి. ఫోన్‌తో బ్లూటూత్‌లో టైము కలుపుకునే క్యాసియోలు ఇక్కడ పనికొస్తాయి.

కీ ఇచ్చే వాచీ, ఆటోమేటిక్

ఇవి సెల్లు లేకుండా స్ప్రింగుతో నడుస్తాయి, ఆటోమేటిక్‌కు చెయ్యి కదలికే కీ ఇస్తుంది. వీటిని టైము కచ్చితత్వం కోసం ఎవరూ కొనరు. సీకో 5లో ఉండే 4ఆర్36 మిషన్‌కు కంపెనీ చెప్పే హద్దు రోజుకు 45 సెకన్లు ముందుకు, 35 వెనక్కి. అసలు అంతకంటే మెరుగ్గానే నడుస్తాయి. 41 గంటలు చేతికి లేకపోతే ఆగిపోతుంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 దాకా తేదీ మార్చే పళ్లచక్రం పట్టులో ఉంటుంది, ఆ వేళలో తేదీ తిప్పితే పన్ను విరుగుతుంది. ముందు ముళ్లను ఆరు దాటించి, అప్పుడు తేదీ మార్చండి.

ఉన్నట్టుండి రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతుంటే సర్వీసుకు వేలు ఇచ్చేముందు దిక్సూచి దగ్గర పెట్టి చూడండి. దిక్సూచి ముల్లు కదిలిందంటే వాచీకి అయస్కాంతం పట్టింది. సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని పొట్టిదైనట్టు ప్రవర్తిస్తాయి, అందుకే ఆ వేగం. డీమాగ్నెటైజర్ (అయస్కాంతం వదిలించే పరికరం) ఉన్న కొట్టులో నిమిషం పని. కారణం చాలాసార్లు ఫోన్ స్పీకరు, హ్యాండ్‌బ్యాగు అయస్కాంత గుండీ, లేదా ఫోన్ కవరు.

ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఎంటీ వాచీల గురించి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన వాచీల తయారీని మూసెయ్యాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. కాబట్టి ఆన్‌లైన్‌లో 'కొత్త జనతా' (జనతా హెచ్‌ఎంటీ పాత మోడల్) అని మెరిసే గులాబీ, ఆకుపచ్చ డయళ్లతో వచ్చేవి చాలామట్టుకు పాత విడిభాగాలకు కొత్త రంగు వేసి కూర్చినవి. అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయా, ముళ్లు డయల్‌కు తగ్గ పొడవున్నాయా భూతద్దంతో చూడండి. ఇంట్లో తాతగారిది ఉంటే దాన్నే నూనె వేయించుకుని వాడటం ఉత్తమం. ఉదయం ఒకే వేళకు కీ ఇవ్వండి, ఇరవై ముప్ఫై తిప్పులు, బిగుసుకున్నట్టు తెలియగానే ఆపండి. నీళ్లు తగలనివ్వొద్దు.

ఎవరికి ఏది

పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. యూపీఎస్సీ సాదా వాచీని అనుమతిస్తుంది, స్మార్ట్‌వాచ్‌ను నిషేధించింది. నీట్‌లో ఏ వాచీకీ ప్రవేశం లేదు. గంటల తరబడి బండి మీద తిరిగేవాళ్లకు, పొలంలో, వర్క్‌షాపులో, వంటింట్లో చేతులు తడిసేవాళ్లకు 10 ఏటీఎం క్వార్ట్జ్. క్రమం తప్పకుండా పరిగెత్తేవాళ్లకు గార్మిన్. ఐఫోన్ ఉన్న పెద్దవాళ్లకు యాపిల్ వాచ్ ఎస్‌ఈ. పసిపిల్లల తల్లులకు, రాత్రి షిఫ్టులవాళ్లకు చప్పుడు లేకుండా చేతిని కుదిపి లేపే అలారం ఒక్కటే స్మార్ట్‌వాచ్ కొనడానికి సరైన కారణం కావచ్చు. అయితే ఆ పనికి మూడు వేల లోపు సన్నటి ఫిట్‌నెస్ బ్యాండ్ చాలు. బ్యాండ్ పెద్ద తెర స్మార్ట్‌వాచ్ కంటే తేలిక, ఛార్జింగు ఎక్కువ రోజులు, నిద్రలో గుచ్చుకోదు.

కుడిచేతికి బ్యాండు, ఎడమచేతికి ముళ్ల వాచీ పెట్టుకునేవాళ్లు పెరుగుతున్నారు. చూడ్డానికి కాస్త వింతగా ఉన్నా పని జరిగే ఏర్పాటే. బ్యాండ్ యాప్‌లో 'కుడిచెయ్యి' అని మార్చండి, లేకపోతే చెయ్యి ఎత్తినా తెర సరిగ్గా వెలగదు. రాత్రి విప్పాక మాత్రం కీ వాచీనీ ఆటోమేటిక్‌నూ అయస్కాంత ఛార్జర్ పక్కన పెట్టొద్దు, జానెడు దూరమైనా ఉంచండి.